బిళ్ళ మింగితే జన్యువులు మారతాయా?

పిల్లలు కాకుండా మింగే బిళ్ళలు కణాల్లోకి దూరి జన్యువుల్నే మార్చేస్తాయన్న మాట కర్నూలు ప్రాంతంలో ఫోన్ నుంచి ఫోన్‌కి తిరుగుతూనే ఉంటుంది. అందులో సగం నిజం ఉండడమే పెద్ద చిక్కు. మొత్తం అబద్ధమైతే కొట్టిపారేసి ఊరుకోవచ్చు. బిళ్ళలోని హార్మోను నిజంగానే కణంలోకి వెళ్తుంది, జన్యువుల దాకా వెళ్తుంది, అక్కడ కొన్ని మార్పులూ తెస్తుంది. ఆ మార్పు ఎలాంటిది, ఎన్నాళ్లుంటుంది, కడుపున పుట్టే బిడ్డకు సంక్రమిస్తుందా అన్న మూడు ప్రశ్నలూ కలగాపులగమై ఒకే భయంగా తయారయ్యాయి.

ఆశా కార్యకర్త బిళ్ళల అట్ట చేతిలో పెట్టినప్పుడు ఆదోని వైపు ఆడవాళ్లు అడిగేది సూటిగా ఉంటుంది: ‘‘ఏమక్కా, ఇవి మింగితే రేపు పుట్టే బిడ్డకేమన్నా అయితాదా?’’ ఈ ప్రశ్నకు ‘ఏం కాదులే’ అని కసిరినట్టు జవాబిస్తే భయం పోదు. విడమర్చి చెప్పాలి.

మన ఒంట్లో ప్రతి కణంలోనూ దాదాపు ఒకే డీఎన్ఏ ఉంటుంది. సుమారు 300 కోట్ల అక్షరాలు (రెండేసి ప్రతులు), వాటిలో 20 వేల దాకా జన్యువులు. కాలేయ కణంలోనూ, రొమ్ము కణంలోనూ ఉన్నవి అవే జన్యువులు. ఏ కణంలో ఏవి పనిచేస్తున్నాయి, ఏవి ఊరికే పడి ఉన్నాయన్నదే తేడా. ఈ పని చేయించే అధికారుల్లో ఈస్ట్రోజెన్, ప్రొజెస్టిరాన్ అనే ఆడ హార్మోన్లు కూడా ఉన్నాయి. ఇవి కొవ్వులో కరిగే పదార్థాలు కాబట్టి కణం పొరను దాటుకుని లోపలికి పోతాయి. అక్కడ తమకోసమే ఉన్న గ్రాహకాలనే ప్రొటీన్లను పట్టుకుంటాయి. హార్మోనూ గ్రాహకమూ జతకలిసి డీఎన్ఏ మీద నిర్ణీత చోట వాలి, పక్కనున్న జన్యువు పనిని పెంచుతాయి, లేదా తగ్గిస్తాయి.

కేసీ కాలువ తూములు చూసినవాళ్లకు ఇది తేలిగ్గా అర్థమవుతుంది. తూము ఎత్తితే ఆ కింది పొలాలకు నీళ్లు, దించితే లేవు. ఎవరు ఎన్నిసార్లు ఎత్తి దించినా కాలువ గట్టూ, అది పారే దారీ మారవు. మాత్రలోని హార్మోను చేసేది తూము దగ్గరి పని. డీఎన్ఏ అక్షరాల వరసను అది తిరగరాయదు.

పైగా ఈ పని ఒంటికి కొత్తేమీ కాదు. బిళ్ళ ముఖమే చూడని ఆడమనిషి ఒంట్లోనూ నెలకోసారి ఈస్ట్రోజెన్ పెరిగి తగ్గుతుంది, దాంతోపాటు వందల జన్యువుల పనీ మారుతుంది. కడుపుతో ఉన్నప్పుడు ఈ హార్మోన్లు మామూలు రోజులకన్నా పదుల రెట్లు ఎక్కువగా పారుతుంటాయి. అప్పుడు జరిగే మార్పుల ముందు మాత్ర తెచ్చేవి చిన్నవే.

అలాగని మాత్రకూ సహజ హార్మోనుకూ తేడాయే లేదనడం కూడా తప్పే. ప్రభుత్వం ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ అట్టను తిప్పి చూడండి. మొత్తం 28 మాత్రలుంటాయి. 21 మాత్రల్లో ఒక్కోదానిలో 0.15 మిల్లీగ్రాముల లెవోనార్‌జెస్ట్రెల్, 0.03 మిల్లీగ్రాముల (అంటే 30 మైక్రోగ్రాముల) ఇథినైల్ ఈస్ట్రడయాల్. మిగతా 7 రంగు వేరే, అవి ఉత్త ఇనుము మాత్రలు. ఇథినైల్ ఈస్ట్రడయాల్ మనిషి తయారుచేసిన ఈస్ట్రోజెన్. మింగిన మందు పేగుల్లోంచి ముందు కాలేయానికే చేరుతుంది. సహజ ఈస్ట్రోజెన్ అయితే అక్కడే చాలావరకు విరిగిపోయి కొట్టుకుపోతుంది. దీన్ని విరగకుండా మలిచారు కాబట్టే ఇంత చిన్న మోతాదులో పనిచేస్తుంది. ఆ కారణంగానే కాలేయ కణాల మీద దీని పట్టు గట్టిది.

అక్కడ ఏమవుతుంది? రక్తం గడ్డకట్టించే ప్రొటీన్లు కొన్ని పెరుగుతాయి. గడ్డకట్టకుండా అడ్డుపడే ప్రొటీన్-ఎస్ లాంటివి తగ్గుతాయి. బీపీతో సంబంధమున్న యాంజియోటెన్సినోజెన్ పెరుగుతుంది. ఎస్‌హెచ్‌బీజీ అనే ప్రొటీన్ కూడా పెరుగుతుంది. పీసీఓడీ అని చెప్పి కాలేజీ అమ్మాయిలకు డాక్టర్లు ఇవే తరహా మాత్రలు రాసేది ఈ ప్రొటీన్‌ను ఆశించే. రక్తంలో తిరిగే మగ హార్మోనును అది పట్టి కట్టేస్తుంది, దాంతో మొటిమలూ అవాంఛిత రోమాలూ తగ్గుముఖం పడతాయి. ‘పెళ్లికాని పిల్లకు పిల్లలు కాని మందా’ అని కంగారుపడే తల్లులకు ఈ సంగతి ఎవరూ కూర్చోబెట్టి చెప్పరు.

మాత్ర మానేస్తే? హార్మోను రోజుల్లోనే ఒంట్లోంచి పోతుంది. గడ్డకట్టే గుణం వారాల్లో దిగడం మొదలై, మూడు నెలలకల్లా మామూలు స్థితికి వస్తుంది.

ఇక్కడ ఒక పక్క సంగతి చెప్పాలి, ఎందుకంటే రాయలసీమ ఆడవాళ్లలో చాలామందికి హార్మోను మాత్ర ఎదురయ్యేది కుటుంబ నియంత్రణ దారిలో కాదు. జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే (2019-20) ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో పెళ్లయిన ఆడవాళ్లలో దాదాపు 70 శాతం మంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్లే. గర్భనిరోధక మాత్రలు వాడేవాళ్లు ఒక్క శాతం కూడా లేరు. కానీ శివరాత్రికి శ్రీశైలం పోవాలన్నా, ఒంటిమిట్ట కల్యాణానికి పోవాలన్నా, ఇంట్లో గృహప్రవేశమున్నా ముందు గుర్తొచ్చేది మెడికల్ షాపు. ‘‘అన్నా, వాయిదా బిళ్ళలు ఇయ్యి’’ అంటే చాలు. చీటీ అడగరు, బీపీ ఉందా అని అడగరు. కాగితంలో చుట్టి ఇచ్చేస్తారు. రోజుకు మూడు, వారం పది రోజులు.

అవి నార్‌ఎథిస్టిరాన్ 5 మిల్లీగ్రాముల మాత్రలు. ప్రొజెస్టిరాన్ జాతి మందు. ఇంత మోతాదులో వేసుకుంటే అందులో కొంత భాగం ఒంట్లోనే ఇథినైల్ ఈస్ట్రడయాల్‌గా మారుతుంది. రోజుకు మూడు మింగితే తయారయ్యేది దాదాపు 20 నుంచి 30 మైక్రోగ్రాములు, అంటే ఒక మాలా-ఎన్ మాత్రలో ఉన్నంత. మాలా-ఎన్ అంటే ఆమడ దూరం పారిపోయే మనిషి అదే హార్మోనును దేవుడి పేరుతో ఏటా రెండుమూడుసార్లు ధైర్యంగా మింగుతోంది. పైగా దీన్ని ఇలా వాడినప్పుడు గర్భం రాదన్న భరోసా లేదు. కాలి రక్తనాళాల్లో ఇదివరకు రక్తం గడ్డకట్టినవాళ్లకు ఇది ప్రమాదమే. ఆ ఒక్క ప్రశ్న అడిగే ఓపిక షాపు కౌంటర్ దగ్గర ఎవరికుంది? నా దృష్టిలో మన జిల్లాల్లో హార్మోన్ల గురించి మొదట మాట్లాడాల్సింది ఈ వాయిదా బిళ్ళల మీద.

ఇక బిడ్డ సంగతి. ఈ భయం గాల్లోంచి పుట్టలేదు. అమెరికాలో 1960లో ఎనోవిడ్ అనే మొదటి గర్భనిరోధక మాత్ర వచ్చింది. అందులో ఈస్ట్రోజెన్ 150 మైక్రోగ్రాములు, ఇవాళ్టి మాలా-ఎన్‌లో ఉన్నదానికి అయిదు రెట్లు. అప్పటికి క్రోమోజోములను సూక్ష్మదర్శినిలో లెక్కపెట్టడం కొత్త విద్య. 1970లో కెనడాలో డి.హెచ్. కార్ అనే పరిశోధకుడు, మాత్రలు మానిన కొద్ది నెలల్లో నీళ్లు పోసుకుని గర్భస్రావమైన కేసులు కొన్ని పరిశీలించి, క్రోమోజోముల సెట్లు రెండుకు బదులు మూడు, నాలుగు ఉన్న పిండాలు వాటిలో ఎక్కువగా కనిపించాయని రాశాడు. సహజంగానే గగ్గోలు పుట్టింది. తర్వాత ఇంకా పెద్ద సంఖ్యలో పరిశీలించినవాళ్లకు ఆ సంబంధం కనబడలేదు. కానీ శాస్త్రంలో కొట్టేసిన మాటలు జనంలో అంత తొందరగా చావవు.

ఇటీవలి లెక్కల్లో పెద్దది డెన్మార్క్‌ది, 2016లో వెలువడింది. 1997 నుంచి 2011 దాకా పుట్టిన 8,80,694 మంది శిశువులను చూశారు. ఎప్పుడూ మాత్ర వాడనివాళ్లూ, గర్భానికి ముందే మానినవాళ్లూ, గర్భం వచ్చిందని తెలియక మొదటి వారాల్లో వేసుకున్నవాళ్లూ, ఎవరి బిడ్డల్లో చూసినా పెద్ద అవకరాలు వెయ్యికి 25 చొప్పునే ఉన్నాయి. ‘నెల తప్పినాక తెలియక రెండు బిళ్ళలు మింగినాను, ఉంచుకోవాలా తీయించుకోవాలా’ అని ఏడ్చేవాళ్లకు ఈ ఒక్క లెక్క చాలు.

అండాల విషయం కూడా చాలామంది వేరేలా ఊహించుకుంటారు. ఆడపిల్ల పుట్టేటప్పటికే ఆమె అండాలన్నీ తయారై, విభజన మధ్యలో ఆగిపోయి ఉంటాయి, పది ఇరవై లక్షల దాకా. మాత్ర వాటిని ముట్టుకోదు. మెదడు అడుగున ఉన్న పిట్యూటరీ గ్రంథి నుంచి వచ్చే సంకేతాన్ని తగ్గించి, ఆ నెల అండం విడుదల కాకుండా చూస్తుంది, అంతే. డౌన్ సిండ్రోమ్ లాంటి క్రోమోజోము లోపాలకు తల్లి వయసే అసలు కారణం. పాతికేళ్ల తల్లికి దాదాపు 1,250 మందిలో ఒక బిడ్డకు వచ్చేది, నలభైలో వందకొకరికి వస్తుంది.

మన దగ్గర బిడ్డల జన్యువుల గురించి నిజంగా దిగులు పడాలంటే ఇంకో చోట పడాలి. మేనరికం. సొంత మేనమామను చేసుకుంటే, బిడ్డలో ప్రతి 8 జన్యువుల్లో ఒకదాని రెండు ప్రతులూ ఒకే పూర్వీకుల నుంచి దిగిన నకళ్లయ్యే అవకాశం ఉంటుంది. మేనబావ అయితే 16లో ఒకటి. ఇంట్లో ఎవరికీ బయటపడకుండా దాగున్న లోపం రెండు వైపులా కలిసేది అక్కడే. ఏ దంపతులకైనా వందలో 2, 3 ఉండే పుట్టుక లోపాల ముప్పుకు, మేనబావ మరదళ్ల పెళ్లిలో ఇంకో 2, 3 కలుస్తాయి. ‘ఆస్తి బయటికి పోకూడదు’ అని మేనమామకిచ్చి చేసి, ఏదైనా తేడా వచ్చినప్పుడు కోడలు మింగిన బిళ్ళల మీదికి నెట్టే ఇళ్లు మనకు కొత్తవి కావు.

అంతరా అనే గర్భనిరోధక సూది మీద కూడా ఇలాంటి నింద ఒకటుంది, వేయించుకుంటే కణాలు చెడిపోయి మళ్లీ గర్భం నిలవదని. మూడు నెలలకోసారి వేసే ఈ 150 మిల్లీగ్రాముల సూదిని 2017 నుంచి ప్రభుత్వ ఆసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. ఆపాక గర్భం నిలవడానికి చివరి సూది నుంచి సగటున తొమ్మిది పది నెలలు పడుతుంది. కండరంలో నిలవున్న మందు మెల్లగా కరగడమే ఆ ఆలస్యానికి కారణం, కణాలు చెడిపోయి కాదు. అయితే ఎముకల సాంద్రత కొంత తగ్గుతుందన్నది మాత్రం నిజం. అందుకే ఏళ్ల తరబడి వాడేటప్పుడు డాక్టరును అడగాలి. మానేశాక చాలావరకు తిరిగొస్తుంది. ఛాయా అనే గర్భనిరోధక బిళ్ళది వేరే దారి. లక్నోలోని కేంద్ర ఔషధ పరిశోధన సంస్థ కనిపెట్టిన ఆ మందు 1991లో సహేలీ పేరుతో బజారుకొచ్చింది. అది అసలు స్టిరాయిడ్ హార్మోనే కాదు, ఈస్ట్రోజెన్ గ్రాహకం మీద కూర్చుని చోటు ఆక్రమించే పదార్థం. మొదటి మూడు నెలలు వారానికి రెండుసార్లు, తర్వాత వారానికోసారి.

క్యాన్సర్ దగ్గరికొస్తే మాత్రం తూము మాట ఒక్కటే చాలదు. డీఎన్ఏ అక్షరాలు నిజంగా మారితేనే క్యాన్సర్ పుడుతుంది. మరి హార్మోనుకు అందులో పాత్ర లేదా? ఉంది, చాలావరకు చుట్టుదారిన. ఈస్ట్రోజెన్ రొమ్ము కణాలను విభజించుకోమని తొందరపెడుతుంది. విభజన జరిగిన ప్రతిసారీ డీఎన్ఏ అక్షరాలన్నిటికీ నకలు తీయాలి. ఎక్కువ నకళ్లు తీస్తే ఎక్కువ తప్పులు దొర్లే వీలుంటుంది. ఇంతకు ముందే తప్పు దొర్లిన కణం ఉంటే అది కూడా వేగంగా పెరుగుతుంది. ఈస్ట్రోజెన్ విరిగినప్పుడు వచ్చే కొన్ని పదార్థాలు డీఎన్ఏకి అంటుకోవడం ప్రయోగశాలల్లో చూశారు కూడా. ఇదంతా మన సొంత ఈస్ట్రోజెన్‌కూ వర్తిస్తుంది.

ఎంత ముప్పు అన్నది లెక్కల్లో చూడాలి. డెన్మార్క్‌లోనే 18 లక్షల మంది ఆడవాళ్లను గమనించి 2017లో ప్రచురించిన అధ్యయనంలో, హార్మోను సాధనాలు వాడేవాళ్లలో రొమ్ము క్యాన్సర్ 20 శాతం ఎక్కువ కనిపించింది. పేపర్లో ఈ ‘20 శాతం’ చదివితే గుండె జారుతుంది. దాన్నే మనుషుల్లో చెబితే, ఏడాదికి 7,690 మంది వాడితే అదనంగా ఒకరికి. 35 ఏళ్ల లోపువాళ్లను విడిగా చూస్తే 50 వేల మందికి ఒకరు. 54 అధ్యయనాలను కలిపి 1996లో వేసిన లెక్కలో, మాత్ర మానిన పదేళ్లకు ఈ అదనపు ముప్పు కనబడకుండా పోయింది.

గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ ముప్పు అయిదేళ్లకు మించి మాత్రలు వాడేవాళ్లలో దాదాపు రెట్టింపు, మానిన పదేళ్లకు మామూలు స్థాయికి వస్తుంది. అయితే ఈ క్యాన్సర్‌కి అసలు దొంగ హెచ్‌పీవీ వైరస్. బయటనుంచి కణంలోకి చొరబడి, తన జన్యువులను తెచ్చి మన డీఎన్ఏలో ఇరికించేది ఏదైనా ఉందంటే అదే. ఈ6, ఈ7 అని పిలిచే దాని ప్రొటీన్లు కణానికి కాపలా ఉండే పీ53, ఆర్‌బీ ప్రొటీన్లను పడగొడతాయి. మాత్ర మీద పెట్టుకున్న భయంలో పావు వంతు ఈ వైరస్ మీద పెట్టుకున్నా, టీకాకూ ముఖద్వారం పరీక్షకూ వచ్చేవాళ్లు ఇంతకన్నా చాలామందే ఉండేవాళ్లు.

త్రాసు రెండో తట్టలోనూ బరువుంది. అండం విడుదలైన ప్రతిసారీ అండాశయం పైపొర చిట్లి మళ్లీ అతుక్కుంటుంది. మాత్ర వాడినన్నాళ్లూ ఆ పని ఆగుతుంది. 45 అధ్యయనాలను కలిపి చూసిన 2008 నాటి విశ్లేషణలో, వాడిన ప్రతి అయిదేళ్లకూ అండాశయ క్యాన్సర్ ముప్పు అయిదో వంతు తగ్గింది, 15 ఏళ్లు వాడినవాళ్లలో సగానికి పడింది. మానేసి 30 ఏళ్లయినా ఆ మేలు కొంత నిలిచే ఉంది. గర్భసంచి లోపొర క్యాన్సర్ ముప్పు కూడా ప్రతి అయిదేళ్లకూ దాదాపు పావు వంతు తగ్గుతుందని 2015 లెక్క.

ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన విభాగం ఈ మాత్రలను ‘మొదటి గ్రూపు’ క్యాన్సర్ కారకాల్లో చేర్చిందని భయపెట్టేవాళ్లు, అదే విభాగం ఈ రెండు క్యాన్సర్లలో మేలునూ ఒప్పుకుందని చెప్పరు. గ్రూపు అనేది రుజువు ఎంత గట్టిదో చెబుతుంది, ముప్పు ఎంత పెద్దదో చెప్పదు. తాంబూలంలో వేసుకునే వక్క కూడా ఆ మొదటి గ్రూపులోనే ఉంది.

ఇంతవరకూ హార్మోను జన్యువులను ఏం చేస్తుందన్నది చూశాం. వైద్యానికి ఇంకా ఎక్కువ అక్కరకొచ్చేది దీనికి తిరగేసిన ప్రశ్న: మన జన్యువులు హార్మోనును ఏం చేస్తాయి?

ఫ్యాక్టర్-5 లైడెన్ అని ఒక మార్పుంది. నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో 1994లో గుర్తించారు. రక్తం గడ్డకట్టించే ఒక ప్రొటీన్ జన్యువులో ఒక్క అక్షరం తేడా. ఇది పుట్టుకతో వచ్చేది, మాత్ర తెచ్చేది కాదు. కానీ ఇది ఉన్నవాళ్లు మాత్ర వేసుకుంటే కాలి రక్తనాళాల్లో గడ్డకట్టే ముప్పు, రెండూ లేనివాళ్లతో పోలిస్తే ముప్పై రెట్ల దాకా పోతుంది. యూరప్ జనాభాలో వందకు అయిదుగురిలో ఉంటుంది, మన దేశంలో అరుదు. కాబట్టి అందరికీ జన్యు పరీక్ష చేయించనక్కర్లేదు. తల్లికో అక్కకో చిన్న వయసులో కాలు వాచి గడ్డకట్టిందా అన్న ప్రశ్న చాలు. మామూలు ఆడవాళ్లలో ఏడాదికి పదివేల మందిలో 1 నుంచి 5 మందికి ఇలా గడ్డకడుతుంది. మాత్ర వాడితే 3 నుంచి 9. కడుపుతో ఉంటే 5 నుంచి 20. కాన్పయిన మొదటి పన్నెండు వారాల్లో ఆ లెక్క 40 నుంచి 65. మాత్రకు భయపడి, వద్దనుకున్న కాన్పు మోయడం ఎంత భద్రమో ఈ అంకెలే చెబుతాయి. బీపీ బాగా ఎక్కువున్నవాళ్లు, కళ్ల ముందు మెరుపులతో వచ్చే మైగ్రేన్ ఉన్నవాళ్లు, 35 దాటి పొగతాగేవాళ్లు, ఆరు వారాల లోపు పసిబిడ్డకు పాలిచ్చే తల్లులు మాత్రం మాలా-ఎన్ జోలికి పోకూడదు.

మిగిలింది టీబీ మందు సంగతి. మాత్రను విరగ్గొట్టే ఎంజైముల్లో ముఖ్యమైనది సీవైపీ3ఏ4, అది కాలేయంలో తయారవుతుంది. టీబీ కోర్సులో ఉండే రిఫాంపిసిన్ ఆ ఎంజైము జన్యువును తట్టిలేపుతుంది. ఎంజైము పొంగుతుంది, మాలా-ఎన్‌లోని హార్మోను పనిచేసేలోపే విరిగిపోతుంది. ఒక మందు కణాల్లో జన్యువు పనిని మార్చేయడమంటే ఇదే, కానీ దీని గురించి ఏ ఫోన్‌లోనూ సందేశం తిరగదు. మిరపకోతలకు గుంటూరు వైపు వలసపోయి, దగ్గుతో తిరిగొచ్చి టీబీ మందులు మొదలుపెట్టిన మనిషి సంచిలో రెండు అట్టలూ పక్కపక్కనే ఉండొచ్చు. ఒక అట్ట ఇచ్చినవాళ్లకు రెండోది ఉన్నట్టు తెలియదు. మూర్ఛకు వాడే ఫెనిటాయిన్, కార్బమజెపిన్‌లదీ ఇదే వరస. ఈ మందులు వాడుతున్నవాళ్లు ఏఎన్ఎంకు ఆ సంగతి ముందే చెప్పాలి. కోర్సు నడిచినన్నాళ్లూ, అయిపోయాక మరో నెలపాటూ మాలా-ఎన్ మీద ఆధారపడకూడదు. కాపర్-టీ వేయించుకోవచ్చు, దానికి కాలేయంతో పనిలేదు. అంతరా సూది మోతాదు పెద్దది కాబట్టి రిఫాంపిసిన్ ఉన్నా అది పనిచేస్తుంది.